ఇంట్లో మొదలుపెట్టిన పాట పూర్తికాకుండా చూసుకోవడమెలా

నాయుడుపేటలో ఉంటూ సంగీతం చేయాలనుకునేవాళ్లు ఒకప్పుడు మద్రాసు రైలెక్కాల్సిందే. ఇప్పుడు రికార్డింగ్ థియేటరే ల్యాప్‌టాప్‌లోకి వచ్చేసింది. పాట ఆగిపోయిందంటే నెపం వేయడానికి థియేటర్ ఓనరూ లేడు, నిర్మాతా లేడు. పాట ఆపే పని మనమే చూసుకోవాలి. ముందుగా, పల్లవి కుదిరే సూచన కనిపించగానే సాఫ్ట్‌వేర్ మార్చేయండి. ఎఫ్ఎల్ స్టూడియో చేతికి అలవాటయ్యే వేళకి రీపర్ మేలని ఎవరో ఒకరు అంటారు, నమ్మండి.

అన్నిటికంటే ముఖ్యం శబ్దాల సేకరణ. పాటకి డప్పు కావాలనుకోండి. వెంకటగిరి పోలేరమ్మ జాతర బస్సు దూరంలోనే ఉంది గానీ, అక్కడికెళ్లి ఫోన్లో రికార్డు చేసుకోవడం నామోషీ. ఏ విదేశీ కంపెనీయో ‘ఇండియన్ పెర్కషన్’ అని అమ్మే ప్యాక్ దించుకోండి. జాతరలో డప్పు కొట్టేవాడు ఊపు కోసం దెబ్బని వెంట్రుకవాసి వెనక్కి లాగుతాడు. క్వాంటైజ్ నొక్కితే కంప్యూటరు దాన్ని తప్పుగా ఎంచి గీత మీదికి ఈడ్చుకొస్తుంది. గమకాల సంగతీ అంతే. స్వరాల్ని కంప్యూటరుకి అంకెల్లో చెప్పే మిడి పద్ధతి 1983లో వచ్చింది, అందులో స్వరాలకి ఉన్నవి 128 అంకెలు, స్థాయికి 12 చొప్పున. అది కీబోర్డు మెట్ల లెక్క. తోడి రాగంలో గాంధారం ఊగేది ఆ మెట్ల మధ్యే. పిచ్ బెండ్‌తో ఆ ఊపు గీయొచ్చు, కాకపోతే ముందు గొంతులో పలకాలి. సాధన కంటే ఇంకో ప్లగిన్ దించుకోవడం తేలిక. నిజానికి ఇందులో ఎగతాళికేమీ లేదు. ప్లగిన్ మనల్ని చూసి పెదవి విరవదు. పాట వినిపిస్తే మాత్రం ఎదుటివాళ్లు విరవొచ్చు. మనమంతా ఆ భయాన్నే ఫోల్డర్లలో సర్దిపెట్టుకుంటున్నాం.

పనిముట్లు లేకుండా పాటెలా వస్తుంది, ఏ.ఆర్. రెహమాన్ 1989లో ఇంటి ఆవరణలోనే స్టూడియో పెట్టుకోలేదా అని అడగొచ్చు. పెట్టుకున్నారు. అయితే 1992లో ‘రోజా’ వచ్చేనాటికి ఆయన ఏళ్ల తరబడి ఇతర సంగీత దర్శకుల దగ్గర కీబోర్డు వాయించారు, వ్యాపార ప్రకటనలకి జింగిల్స్ చేశారు. జింగిల్‌కి నిడివీ ఉంటుంది, గడువూ ఉంటుంది. పాత మద్రాసు థియేటర్లలోనూ అంతే, గాయకులూ వాద్యబృందమూ కలిసి ఒకే టేకులో పాడి వాయించేవాళ్లు. ఒక్క వయొలిన్ తప్పితే అందరూ మళ్లీ మొదటికి రావాలి, అవతల కాల్షీట్ కరిగిపోతుంటుంది. 1967లో వచ్చిన ‘సార్జెంట్ పెప్పర్’ ఆల్బమ్‌ని బీటిల్స్ చేసింది నాలుగు ట్రాకుల టేపు మిషన్ల మీద. నాలుగూ నిండితే వాటిని కలిపేసి చోటు చేసుకోవాలి, కలిపాక విడదీయలేరు. అంటే అక్కడికక్కడే తేల్చుకోక తప్పదు. మనకి వందల ట్రాకులున్నాయి, అన్‌డూ ఉంది, తేల్చుకోవాల్సిన పనే లేదు.

ఆ థియేటర్ల గేటు దాటడానికి డబ్బో పరిచయమో ఉండాల్సి వచ్చేది, ల్యాప్‌టాప్ ఆ గేటు తీసేసింది కదా అనేవాళ్లున్నారు. కాదనలేను. అంతకంటే మేలు ఈ యంత్రం చేయగలదని కూడా అనుకోను. కాకపోతే గేటుతో పాటు గడువునీ తీసేసింది. గడువు మళ్లీ కావాలంటే మనమే పెట్టుకోవాలి: నాలుగే ట్రాకులు, ఆదివారం సాయంత్రానికి పాట బయటికి. అలాంటి పని మాత్రం పొరపాటున కూడా చేయకండి, పాట పూర్తయి కూర్చుంటుంది.

ఇక గాత్రం. మే నెలలో వద్దు. ఫ్యాను వేస్తే హోరు మైకులో పడుతుంది, ఆపితే నాయుడుపేట ఎండకి గొంతు పెగలదు. అక్టోబరు దాకా ఆగండి. అప్పటికి ఈశాన్య రుతుపవనాలొచ్చి పక్కింటి రేకుల మీద వాన మోత మొదలవుతుంది. సంక్రాంతికి చూసుకుందామనుకుంటే ఆ నెలంతా వీధిలో మైకులే. ఫిబ్రవరి అనుకూలంగానే ఉంటుంది, కానీ అప్పటికి సాఫ్ట్‌వేర్‌కి కొత్త వెర్షన్ వస్తుంది.