పఠనాలయ దీపము

పగటివేళ గ్రంథాలయ మెట్లుండునో నేనెరుగను. ఉదయము తలుపులు తీయుదురనియు, పత్రికలు విప్పి బల్లపై పరచుదురనియు, బడిపిల్లలు వచ్చి పుస్తకములు మార్చుకొని పోవుదురనియు వినియుంటినే కాని, నలుబదేండ్లకు పైబడిన నా కొలువులో సూర్యుడుండగా నన్ను వెలిగించినవారు లేరు గనుక, నాకు తెలిసినదంతయు రాత్రి గ్రంథాలయమే. కన్నులతో చదివినవారికంటె చెవులతో చదివినవారే యెక్కువగా కూర్చుండిన గ్రంథాలయము.

నా పుట్టుక జర్మనీ దేశమున బెర్లిను నగరమున. పెట్రోమాక్సు అను పేరు నా యిత్తడి తొట్టిపై నేటికిని చదువ వీలుగనే యున్నది. సముద్రము దాటి, చెన్నపట్టణపు రేవున దిగి, బెజవాడలో నొక యంగడి చూరునకు కొన్ని మాసములు వ్రేలాడి, 1936వ సంవత్సరమున కిరాణా బస్తాల నడుమ కాలువ పడవలో ప్రయాణము చేసి, కృష్ణకు పడమటి దిక్కున, రేపల్లె తాలూకాలోని యొక చిన్నయూరి రేవున దిగితిని. నన్ను కొన్న ధనము ఏ జమీందారును ఇచ్చినది కాదు. గ్రంథాలయ కార్యదర్శియైన మాస్టారును, ఆయన వెంట నలుగురు యువకులును కుప్పనూర్పుల కాలమున కల్లము కల్లమునకు తిరుగగా, ఒకరు తట్టెడును, ఒకరు చాటెడును పెట్టిన వడ్లను పోగుచేసి యమ్మి, ఆ రూకలతో నన్ను తెచ్చిరి. ఈ వడ్ల ప్రసంగము మరల రావలసియున్నది గనుక చదువరులు దీనిని జ్ఞాపకముంచుకొందురు గాక.

నన్ను వెలిగించుటకు ఓర్పు కావలెను. ఆముదపు ప్రమిదవలె నిప్పు చూపిన మాత్రమున వెలుగుదానను కాను. ముందు చిన్న గిన్నెలో స్పిరిటు పోసి ముట్టించి నా గొట్టమును వేడిచేయవలెను. పిదప పంపు కొట్టి తొట్టిలో గాలిని బిగింపవలెను. అప్పుడు కిరసనాయిలు పైకెగబ్రాకి, ఆవిరియై, సూదిమొన దూరునంతటి రంధ్రమున వెలికివచ్చి మేంటిలులో మండును. ఆ మేంటిలు సంగతి మరింత విచిత్రము. కొత్తది మెత్తని జాలిగుడ్డ సంచివలె నుండును. దానిని నూలుతో ముడివేసి తొలిసారి కాల్చగా గుడ్డ యంతయు దగ్ధమై, తెల్లని బూడిద మాత్రము సంచి యాకారమును విడువక నిలుచును. ఆ బూడిదయే వెలుగు నిచ్చునది. వ్రేలు తగిలినచో రాలిపోవును. మా మాస్టారు ఈ పని నెవ్వరికిని విడువక, ప్రతిదినము సంధ్య వార్చుకొని వచ్చి, వసారాలో పీటవేసికొని, పూజకు కూర్చున్నవానివలె కూర్చుండి తానే చేసెడివాడు.

మా గ్రంథాలయము రెండుగదుల పెంకుటిల్లు. ముందు వసారా, వసారా క్రింద అరుగులు, అరుగుల కెదురుగా బాట, బాటకవతల కాలువగట్టు. లోపల మూడు బీరువాలు. విజ్ఞానచంద్రికా మండలివారి మొదటి గ్రంథమైన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్రము, వీరేశలింగముగారి రాజశేఖర చరిత్రము, ఎందరి చేతులలోనో నలిగి యట్టలూడిన భారతి సంచికలు అందుండెడివి. ఏటేట ఏప్రిలు 10వ తేదీ వచ్చినదన్న మాస్టారు తప్పక ఒక కథ చెప్పెడివాడు: 1914లో ఆ దినముననే బెజవాడ రామమోహన గ్రంథాలయమున, చిలకమర్తి లక్ష్మీనరసింహముగా రధ్యక్షులుగా, అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారి పూనికతో ఆంధ్రదేశపు గ్రంథాలయములవారందరు కూడి యొక సంఘముగా నేర్పడిన కథ. నేను వచ్చుటకు ముందటి యేడే, 1935లో, పాతూరి నాగభూషణముగారి ప్రేరణమున పెదవడ్లపూడినుండి కొల్లూరువరకు పుస్తకముల పడవ యొకటి కాలువలో నడచుట మొదలైనదని చెప్పునప్పుడు ఆయన కంఠమున కలిగెడి గర్వము, ఆ పడవ తానే తోలినట్లుండెడిది.

రాత్రి యెనిమిది గంటలకు పత్రికాపఠనము. చెన్నపట్టణమునుండి ఆంధ్రపత్రిక మరునాటి సాయంకాలమునకు మాకు చేరెడిది. నన్ను వసారా దూలపు కొక్కెమునకు తగిలించి, మాస్టారు నా క్రింద నిలువబడి, ప్రకటనలతో సహా విడువక చదివెడివాడు. వినువారిలో ముప్పాతిక మువ్వీసము అక్షరము లెరుగనివారు. కాని వారడిగిన ప్రశ్నలు అక్షరాస్యులకు తోచునవి కావు. అబిసీనియాలో ఇటలీ సాగించుచున్న యుద్ధపు వార్త చదివిన రాత్రి, ఒక వృద్ధ కర్షకుడు తలపాగ విప్పి యొడిలో పెట్టుకొని, "మాస్టారూ, ఆళ్ల పంటలు కోతకొచ్చినాయా, ఇంకా చేలోనే ఉన్నాయా?" అని యడిగెను. మాస్టారు పత్రిక నటునిటు త్రిప్పి చూచి, "అది రాయలేదయ్యా" అనెను. "రాయాల్సింది అదే గదా" అని ఆ వృద్ధుడు నిట్టూర్చెను. యుద్ధవార్తల నెన్ని వింటినో, ఇంత సూటియైన విమర్శను నేను మరల వినలేదు.

ఉగాదికి పంచాంగశ్రవణము, కవిసమ్మేళనము, శరన్నవరాత్రులలో మూలా నక్షత్రమునాడు పుస్తకములకు పూజ, శ్రావణమాసమున పురాణము, కోతలైన పిదప హరికథలు. వీనిలో నా మనస్సునకు హత్తుకొనినది ఒక యష్టావధానము. అవధానిగారు నడుమ పీటపై కూర్చుండగా, నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది, వర్ణన, వ్యస్తాక్షరి, పురాణపఠనము, అప్రస్తుత ప్రసంగము, ఘంటాగణనము అను నెనిమిదింటికి ఎనమండుగురు పృచ్ఛకులు చుట్టును కూర్చుండిరి. పద్యములు ఒక్కొక్క పాదముగా పెరుగుచుండ, అప్రస్తుతప్రసంగమువారు నడుమ నడుమ అడ్డుప్రశ్నలు వేయుచుండ, వెనుక నొకరు తోచినప్పుడెల్ల గంట కొట్టుచుండిరి. మూడవ యావృత్తమునకు నా తొట్టిలో గాలి తగ్గి, వెలుగు పసుపువారి, పిదప ఎఱ్ఱవారెను. పంపు కొట్టిన చప్పుడగును, కొట్టకున్న చీకటియగును. మాస్టారు చాలసేపు తటపటాయించి, చిట్టచివరకు ముంగాళ్లపై నడచివచ్చి, బిడ్డకు జోకొట్టునట్లు మెల్లమెల్లగా గాలి కొట్టెను. అవధానిగారు తల యెత్తి చూడనైన లేదు. ధారణ ముగిసి, పూరించిన పద్యములన్నియు వరుసగా నప్పగించిన పిమ్మట, గంటలెన్నియని పృచ్ఛకు డడుగగా, "ఘంట ఇరువది మూడు; దీపమునకు గాలి పదునొకండు" అని యాయన సెలవిచ్చెను. సభ యంతయు లేచి నిలువబడినది. మానవుని చిత్తము ఎంతటి విశాలమందిరమో నాకా రాత్రి తెలిసినది. అందు నా పంపుచప్పుడునకు సైతము చోటు దొరకినది.

ఇంతటి వైభవమును చెప్పుచు, నా వెలుగున కనబడిన మరియొక దృశ్యమును దాచుట ధర్మము కాదు. వసారాలోని జనమునకు, అరుగులమీది జనమునకు అవతల, బాట దాటి, కాలువగట్టున కొందరు నిలువబడి వినుచుండెడివారు. వారు ఊరి వెలుపలి పల్లెవారు. వారిని రావలదని ఫలకముపై వ్రాసినవారు లేరు. రమ్మని పిలిచినవారును లేరు. నా వెలుగు వారి మోములవరకు పోయెడిది, మాస్టారి కంఠము పోయెడిది, పుస్తకము మాత్రము పోయెడిది కాదు. వారిలో ఎనిమిదేండ్ల బాలిక యొకతె, తండ్రి భుజముమీద నెక్కి, వార్తలవంక కాక నావంక చూచుచుండెడిది.

1937లో మాస్టారు వారమునకు రెండు రాత్రులు నన్ను చేత పట్టుకొని పల్లెకు పోయి బడి నడుపుదునని కార్యవర్గమున చెప్పగా, పెద్దలలో కొంద రభ్యంతరము పలికిరి. దీపము గ్రంథాలయపు సొత్తు, ఊరివారి వడ్లతో కొన్నది, దానిని ఊరు దాటింపరాదని వారి వాదము. మాస్టారు కోపము తెచ్చుకొనలేదు. "ఆ వడ్లు కోసిందెవరు? కుప్ప వేసిందెవరు? నూర్చిందెవరు?" అని మూడు ప్రశ్నలు మాత్ర మడిగి, సమాధానమునకు వేచియుండెను. చాలసేపు నా బుసచప్పుడు తప్ప మరేమియు వినబడలేదు. నాటినుండి మంగళ శుక్రవారములు పల్లెలో వేపచెట్టు కొమ్మ నాకు దూలమైనది. పలకలు పది, నేర్చువారు ముప్పదిమంది. పగలెల్ల నాట్లు వేసి వచ్చిన చేతులు బలపమును పట్టుకొనుటకు పడిన శ్రమను చూచితిని. ఆ బాలిక నా గాజుచిమ్నీ తుడుచుటయు, స్పిరిటుసీసా పట్టుకొనుటయు తన హక్కుగా చేసికొన్నది. ఆమె పలకమీద తొలిపదము దీపమని వ్రాసినదన్న సొగసుగా నుండును గాని, నిజమునకు ఆమె తొలుత వ్రాసినది తన తండ్రి పేరు. ఆమెచేతనే మాస్టారొకనాడు మేంటిలు కట్టించి కాల్పించెను. ఊపిరి బిగపట్టి, బూడిద నిలిచినంతనే ఆమె విడిచిన నిట్టూర్పు నేటికిని నాకు జ్ఞాపకము.

1942లో బర్మా జపానువారి వశమైన పిదప కిరసనాయిలు కరవైనది. వారముల తరబడి నేను వెలుగుట మానితిని. మాస్టారు ఆముదపు దీపపు వెలుగున, పత్రికను కంటికానించుకొని చదివెడివాడు. స్వరాజ్యము వచ్చినది. 1948 నాటి మద్రాసు గ్రంథాలయ చట్టము వచ్చి, ప్రజలు చెల్లించు ఇంటిపన్నుతో గ్రంథాలయపు పన్ను కలిసినది. కల్లములవెంట తిరుగవలసిన యవసరము తీరినది. బీరువాలు మూడు పదునైదైనవి. పల్లె పిల్లలు ముంగిటి తలుపుననే లోనికి వచ్చి, అందరితోపాటు బల్లకడ కూర్చుండసాగిరి. మాస్టారు ఆ రోజులను కొంతకాలము చూచి, ఒక వేసవిలో కన్నుమూసెను. కరెంటు వచ్చిన నాడు నన్ను తుడిచి, పాతధోవతిలో చుట్టి, బీరువాపై పెట్టిరి. గంటల కొలది పత్రికాపఠనము ఆగి, ఎవరికి వారే చదువుకొనసాగిరి. అది చదువు వ్యాపించుటకు గుర్తేయని నేనెరుగుదును; ఎరిగియు ఎనిమిది గంటలగునప్పటికి ఆ కంఠముకొరకు చెవియొగ్గుట మానలేకపోతిని.

1977 నవంబరు. 14వ తేదీన గ్రంథాలయ వారోత్సవములు మొదలైనవి. ధోవతిలో నుండియే నేను పిల్లల వక్తృత్వపు పోటీలు వింటిని, కథలు చెప్పు పోటీ వింటిని. 19వ తేదీ శనివారము సభ జరుగలేదు. ఉదయమునుండి వీచుచున్న గాలి మధ్యాహ్నమునకు అరుపైనది. సాయంకాలమునకు దానికి పేరు పెట్టుటకు నాకు మాటలు లేవు. పెంకులు లేచిపోయినవి, స్తంభములు విరిగినవి, కరెంటు పోయినది. గుడిసెలు కూలినవారందరు గ్రంథాలయమున చేరి, బీరువాల నడుమ పిల్లలను పొదివికొని కూర్చుండిరి. చీకటిలో నెవరో నన్ను క్రిందికి దింపిరి. యువకులు పంపు చూచిరి, మీట త్రిప్పిరి. మేంటిలు ఎట్లు కట్టవలెనో ఒక్కరికిని తెలియలేదు.

"ఇటివ్వండి బాబూ" అని యొక కంఠము వినబడెను. చేయి తగులగనే పోల్చుకొంటిని. ఆమెకు ఏబదేండ్లు సమీపించియున్నవి. ముప్పదేండ్లుగా ఆ యూరి బడిలో పంతులమ్మ. నా తొట్టి యడుగున కాగితములో చుట్టియున్న కట్టకడపటి మేంటిలును విప్పి, నూలుముడి వేసి, గాలికి తన కొంగు నడ్డుపెట్టి కాల్చి, ఊపిరి బిగపట్టినది. బూడిద నిలిచినది. ఆ రాత్రి తెల్లవార్లు ఆమె పిల్లలకు కథలు చెప్పుచునే యుండెను. గాలి హోరున మాటలు వినబడకున్నను, పెదవుల కదలికను చూచుచు పిల్లలు ఏడ్పు మానిరి.

నదికి ఆవలి యొడ్డున దివిసీమను ఉప్పెన ముంచెత్తినదని తెలియుటకు దినములు పట్టినది. వేలకొలది ప్రాణములు పోయినవి. బాటలు తెగిపోయినందున పత్రికలు ఆలస్యముగా వచ్చినవి. కరెంటు రాలేదు. పత్రిక వచ్చిన రాత్రి, పెంకులు లేచిన వసారా దూలమునకు నన్ను తగిలించి, నా క్రింద, మాస్టారు నిలువబడిన చోటనే ఆమె నిలువబడి, చదువుట కారంభించెను. అరుగులమీదను, బాటమీదను, కాలువగట్టువరకును జనము. ఆవలి యొడ్డున ఆడబిడ్డల నిచ్చినవారు, కూలికి పోయిన కొడుకులున్నవారు. ఆమె గ్రామముల పేర్లు ఒక్కొక్కటిగా చదివెను. పాలకాయతిప్ప. సొర్లగొంది. హంసలదీవి. ప్రతి పేరుకును జనమునం దెక్కడనో యొకచోట కదలిక పుట్టి యణగుచుండెను.

గట్టుమీదినుండి ఒక ముసలి జాలరి, చేయి చెవికి ఒగ్గి, "అమ్మా, ఆ రెండో పేరు మళ్లీ చదువు" అనెను.

నా వెలుగు పసుపువారుచున్నది. ఆమె పత్రికను చంకలో నిరికించుకొని, పంపు కొట్టి, మరల పత్రిక విప్పి, ఆ పేరును మెల్లగా చదివెను.