కొరతకు ఇంగ్లీషు మాట కావాలా? కొన్ని ఎదురు సలహాలు

పరీక్షకు ఇంగ్లీషు వ్యాసం రాసే విద్యార్థికైనా, జిల్లా నుంచి కరువు వార్త పంపే విలేఖరికైనా నా మొదటి సలహా ఒకటే: పర్యాయపదాల పట్టికను పక్కన పడేయండి. షార్టేజ్, స్కార్సిటీ, లాక్, డెఫిసిట్, డెఫిషియెన్సీ, డర్త్, పాసిటీ... అన్నిటినీ ఒకే గాటన కట్టి, ఏది వాడినా ఒకటేనని ఆ పట్టికలు నమ్మిస్తాయి. కోచింగ్ సెంటర్ వాళ్లు వింటే ఇది తలతిక్క సలహా అంటారు. అననివ్వండి.

ఈ మాటల్ని కాగితాల మీద చూసి నేర్చుకోవాలి. చెక్కు వెనక్కి వస్తే బ్యాంకు మెమోలో ‘ఫండ్స్ ఇన్‌సఫిషియెంట్’ అని ఉంటుంది. ఖాతాలో డబ్బు చాల్లేదు, అంతే. కానీ నోటీసు అందిన 15 రోజుల్లో కట్టకపోతే, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా పడొచ్చు. రక్తపరీక్ష రిపోర్టులో ఐరన్ డెఫిషియెన్సీ అని ఉంటే ఎవరినీ నిందించే పని లేదు, మందు వాడాలి. అదే డెఫిషియెన్సీ 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సేవాలోపం. నిరూపిస్తే అవతలివారు పరిహారం కట్టాలి.

వాతావరణ శాఖ బులెటిన్‌కి వచ్చేసరికి డెఫిషియెన్సీ వట్టి శాతం. సగటు కన్నా 20 నుంచి 59 శాతం తక్కువ కురిస్తే డెఫిషియెంట్, 60 నుంచి 99 శాతం తక్కువైతే లార్జ్ డెఫిషియెంట్. 19 శాతం తగ్గినా నార్మలే. అనంతపురంలో వేరుశనగ ఊడలు దిగే వేళ బెట్ట తగిలి, తీరా పంట పీకే రోజుల్లో కుండపోత కురిస్తే, సీజను లెక్క నార్మల్‌గానే తేలవచ్చు. చెట్టుకి కాయలు మాత్రం ఉండవు. అందుకే వాన గురించి రాసేటప్పుడు డెఫిసిట్ ఎంతో రాసి ఊరుకోకండి. ఏ వారంలో కురవలేదో, అప్పటికి పైరు ఏ దశలో ఉందో కనుక్కుని రాయండి.

ఒకే మాటను మళ్లీ మళ్లీ వాడమనడం నా రెండో సలహా. ఐఈఎల్‌టీఎస్‌లో పదసంపదకు విడిగా మార్కులున్నాయి, కాబట్టి దీనివల్ల కొంత నష్టపోవచ్చు. అయినా చెబుతున్నాను. మొదటి వాక్యంలో నీటి షార్టేజ్ అని, రెండో వాక్యంలో స్కార్సిటీ అని, మూడో వాక్యంలో డర్త్ అని రాస్తే, చదివేవాడికి మూడు వేర్వేరు సంగతులు చెబుతున్నట్టు ఉంటుంది. ట్యాంకర్ రాకపోతే షార్టేజ్. బోర్లన్నీ అడుగంటితే స్కార్సిటీ. సంగతి ఒకటే అయితే మాట కూడా ఒకటే ఉండనివ్వండి.

ఇక అసలు సంగతి. మృదువైన మాట, కఠినమైన మాట రెండూ ఎదురైతే కఠినమైనదే ఎంచుకోండి. మర్యాదగా రాయమని నేర్పినవాళ్లకు ఇది నచ్చదు. మన నోట ‘కరువు’ ఒక్కటే. ఇంగ్లీషులో వాన లేకపోతే డ్రౌట్, తిండి లేక జనం చచ్చిపోతే ఫామిన్. ఫామిన్ అన్న మాటకు ఒకప్పుడు సర్కారును కదిలించే బలం ఉండేది. మనవాళ్లు ధాత కరువు అని చెప్పుకున్న 1876-78 కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది పోయారు. ఆ తర్వాత 1880 నాటి ఫామిన్ కమిషన్ సిఫార్సులతో ఫామిన్ కోడ్‌లు వచ్చాయి. ఆ మాట ప్రకటిస్తే పనులు పెట్టాలి, కూలి ఇవ్వాలి, పని చేయలేనివారికి తిండి పెట్టాలి. 1943లో జనం ఆకలితో చచ్చిపోతున్నా బెంగాల్ ప్రభుత్వం ఆ ప్రకటనే చేయలేదు. 1963లో మహారాష్ట్ర తన చట్టాలన్నిటిలో ఫామిన్ తీసేసి స్కార్సిటీ పెట్టడానికి ఒక చట్టమే చేసింది. పదేళ్లు తిరక్కుండా 1972లో ఆ రాష్ట్రాన్ని ఘోరమైన కరువు పట్టుకుంది. 2016లో వాతావరణ శాఖ కూడా దేశం మొత్తానికి డ్రౌట్ ఇయర్ అనడం మానేసి డెఫిషియెంట్ ఇయర్ అనడం మొదలుపెట్టింది. అంతకు ముందటి ఏడాది వానలు సగటు కన్నా 14 శాతం తక్కువ. మాట మెత్తబడిన కొద్దీ అడిగే హక్కు కూడా సన్నగిల్లుతుందని నా నమ్మకం. పొలం ఎండితే డ్రౌట్ అనే రాయండి.

‘లాక్ ఆఫ్ ఫుడ్’ అని రాసే ముందు కూడా ఒక్క క్షణం ఆగండి. 1943లో బెంగాల్‌లో తిండి మరీ అంతగా తగ్గలేదని, కూలీల కొనుగోలు శక్తి కూలిపోవడమే పెద్ద కారణమని ఆర్థికవేత్త అమర్త్య సేన్ 1981లో వచ్చిన ‘పావర్టీ అండ్ ఫామిన్స్’ పుస్తకంలో వాదించారు. కాబట్టి ఊళ్లో తిండి లేదా, లేక కొందరికే అందలేదా తేల్చుకోండి. రెండోదైతే ఎవరికి అందలేదో ఆ మనుషులను వాక్యంలోకి తీసుకురండి.

చివరగా పాసిటీ. బడికి గదులు, ఆసుపత్రికి మందులు ఎందుకు లేవని అడిగితే ‘పాసిటీ ఆఫ్ ఫండ్స్’ అని జవాబొస్తుంది. దాన్ని ఉన్నదున్నట్టు మీ రాతలోకి ఎత్తకండి. ఎంత అడిగారు, ఎంత మంజూరైంది, ఎంత విడుదలైంది, ఈ మూడు అంకెలు కావాలనండి. చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇచ్చి తీరాలి.