తప్పంతా గడియారానిదే

ఏఐ కోడ్ ఎడిటర్‌ను పరీక్షించడంలో మన సాఫ్ట్‌వేర్ ఆఫీసులది గొప్ప క్రమశిక్షణ. ముందు లైసెన్సులు కొంటారు, తర్వాత పరీక్ష పెడతారు. పరీక్షకు టు-డూ లిస్టు యాప్ రాయిస్తారు. లోకంలో ఉన్న ప్రతి ఏఐ మోడలూ వేలసార్లు చూసేసిన యాప్ అది. రంగులతో సహా క్షణాల్లో తెర మీదికి దిగుతుంది. చప్పట్లు! రాసినవాడు ఎప్పుడో ఉద్యోగం మానేసిన ఆ పాత బిల్లింగ్ కోడ్‌ను మాత్రం ఎవరూ దాని ముందు పెట్టరు. పెళ్లిచూపుల నాడు పిల్లవాడి అప్పుల సంగతి ఎవరు కదుపుతారు?

ఇక మార్కులు. ఎడిటర్ ఇచ్చిన ఎన్ని సూచనలకు సరేనని టాబ్ నొక్కారో లెక్కపెట్టి గ్రాఫ్ గీస్తారు. నొక్కాక అందులో ఎంత చెరిపి తిరగరాశారో అడిగితే మీరు అభివృద్ధి నిరోధకులు.

అమెరికాలో మీటర్ అనే పరిశోధన సంస్థ 2025లో ఇలాంటి అపచారమే చేసింది. 16 మంది అనుభవజ్ఞులైన ఓపెన్‌సోర్స్ డెవలపర్లకు, వాళ్లకు కొట్టినపిండి అయిన ప్రాజెక్టుల్లోనే 246 పనులు అప్పగించింది. ఏ పనికి ఏఐ వాడవచ్చో, దేనికి వాడకూడదో చీటీలేసినట్టు తేల్చింది. ఎక్కువమంది వాడింది కర్సర్ అనే ఏఐ ఎడిటర్. మొదలుపెట్టే ముందు 24 శాతం సమయం కలిసొస్తుందన్నారు వాళ్లు. అంతా అయ్యాక కూడా 20 శాతం కలిసొచ్చిందనే నమ్మారు. లెక్క తీస్తే ఏఐ వాడిన పనులకు 19 శాతం ఎక్కువే పట్టింది. ఇంతమంది పెద్దలు ఒకమాట మీదుంటే గడియారానికి ఆ పొగరేమిటి?

పదహారు మందే కదా, అప్పటి మోడళ్లు కదా అంటారా? నిజమే. మరి మీ ఆఫీసులో గడియారం పెట్టి కొలిచింది ఎంతమందిని?

స్లైడ్ మీదికి ఎక్కేది వేరే అంకె: కోపైలట్ అనే ఏఐ సాధనంతో 55.8 శాతం వేగం. అదీ నిజమైన ప్రయోగమే. ఇచ్చిన పని, జావాస్క్రిప్ట్‌లో ఒక హెచ్‌టీటీపీ సర్వర్‌ను మొదటి నుంచీ రాయడం. ఆ సంగతి పట్టేంత చోటు, పాపం, స్లైడ్ మీద మిగలదు.

టెస్టులు ఎవరు రాస్తారు? ఆ ఎడిటరే. ఫెయిలైతే? ఒక్కోసారి టెస్టునే మార్చేస్తుంది. రివ్యూ? ఇంకో ఏఐ. ప్రొడక్షన్ కూలిన రాత్రి ఏ లైను ఎవరిదో చెప్పే గిట్ బ్లేమ్ కొట్టి చూడండి: ప్రతి లైను పక్కనా టాబ్ నొక్కిన కుర్రాడి పేరే ఉంటుంది.