కానుగ నూనె కరంటు

గాలీవానకు మా వీధి తీగ మీద వేపకొమ్మ విరిగి పడిన రాత్రి, గొడ్లపాకలో గోనెపట్ట కింద నిద్రపోతున్న పీటరింజన్‌ను మా నాయన లేపినాడు. బావిలో నీళ్లున్న కాలంలో చేను తడిపిన ఇంజనది. బావి ఎండినాక దానికి ఆల్టర్నేటర్ తగిలించి ఇంటి జనరేటర్ చేసినాము. నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు, అమ్మ సీరియలు. అంతే దాని సంసారం.

మా కొండాపురంలో రైలెక్కి ఎర్రగుంట్లకు పోతుంటే, ముద్దనూరు దాటినాక కలమళ్ల కాడ థర్మల్ ప్లాంటు వస్తుంది. 1,650 మెగావాట్లు! తొలి తెలుగు శాసనం దొరికిందీ ఆ ఊళ్లోనే. ఆ తెలుగు 1400 ఏండ్లు దాటి మా ఇంటిదాకా నడిచొచ్చింది. కరంటేమో వీధి మలుపులో వేపకొమ్మ కాడ ఆగిపోయింది.

డీజిల్ బిల్లు చూసి నాకు తెలివి పుట్టింది.

"1900లో పారిస్ ఎగ్జిబిషన్‌లో డీజిల్ ఇంజన్‌ను శెనక్కాయ నూనెతో నడిపినారంట నాయనా" అన్నాను.

వంటింట్లోనుంచి అమ్మ అందుకుంది. "ఆ ఊళ్లో తాలింపులు లేవేమో! నా నూనె డబ్బా ముట్టుకుంటే చేతులు విరుగుతాయి."

న్యాయమే. శెనక్కాయ నూనె డీజిల్ కంటే ప్రియం. చేని గట్టున కానుగ చెట్లున్నాయి. కానుగ నూనె చేదు కాబట్టి అమ్మతో పోటీ లేదు. ఆదిలాబాద్ వైపు పవర్‌గూడ ఆడవాళ్లు ఆ నూనే తీసి, దాని వాడకంతో తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ లెక్కకు 2003లో ప్రపంచ బ్యాంకు నుంచి 645 డాలర్లు తీసుకున్నారు. పొగ పెట్టనందుకు డబ్బులు! నేనూ బ్యాంకు పాసుబుక్కు వెతికి పెట్టుకున్నాను.

కాయలేరి, కొట్టి, కానుగను గానుగకు మోస్తే, నాలుగు కిలోల గింజకు కిలో నూనె రావడమే గగనమైంది. పైగా అది డీజిల్‌లా పారదు, చిక్కన. అందుకని రెండు ట్యాంకులు, మధ్యలో ఒక కాక్. డీజిల్‌తో మొదలుపెట్టాల, ఇంజను వేడెక్కినాక నూనెకు తిప్పాల, ఆపే ముందు మళ్లీ డీజిల్‌కు తిప్పి పది నిమిషాలు నడపాల. "ఆ చివరిది మాత్రం మర్చిపోవద్దన్నా" అని మెకానిక్ మూడుసార్లు చెప్పినాడు.

కరంటు పోయింది. ఇంత సంతోషంగా మా ఇంట్లో ఎప్పుడూ పోలేదు. నాయన హ్యాండిల్ తిప్పినాడు, నేను కాక్ తిప్పినాను. బల్బులు వెలిగినాయి. వాసన వీధి దాటింది. ఎదురింటి అవ్వ తలుపు తీసి, "ఎవరికి నాయనా గజ్జి?" అనింది. పాపం, ఆమె ఎరిగిన కానుగ నూనె వైద్యం అదే.

గంటకు కరంటొచ్చింది. వీధంతా కేక పెట్టింది. ఆ ఊపులో నాయన అలవాటుగా ఇంజను ఆపేసినాడు. కాక్ నూనె వైపే ఉంది.

తర్వాతిసారి హ్యాండిల్ నాయన తిప్పినాడు, నేను తిప్పినాను, మా బావ తిప్పి నడుం పట్టుకున్నాడు. ఇంజను ఉలకలేదు. మెకానిక్ నాజిల్ విప్పి, దాని మొనన గట్టిపడిన నల్లటి బంక చూపించినాడు. ఆయన తీసుకున్న డబ్బులతో ఏడాది డీజిల్ వచ్చేది.

మిగిలిన నూనె అవ్వకిచ్చినాము. మొన్న మళ్లీ కరంటు పోతే, ఆమె ప్రమిదలో ఇంత పోసి, ఒత్తేసి వెలిగించింది. హ్యాండిల్ లేదు, కాక్ లేదు. వీధిలో ఉన్న వెలుతురల్లా అదే. మా నాయన నాజిలూ పాతగుడ్డా పట్టుకొని వాళ్ల అరుగు మీదికే పోయి కూర్చున్నాడు.