వీధి మలుపు వాల్వు వారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ వీధి మలుపున ఇనుప మూత కింద కొలువైయున్న వాల్వు వారి సముఖమునకు,

విషయం: కొళాయి నీళ్లు, వాటి గుణం, అవి ఇల్లు చేరాక ఎదురయ్యే ప్రమాదాలు – గురించి.

చిన్న పట్టణంలో కొళాయి నీళ్లంటే గొట్టంలో ఎప్పుడూ ఉండే నీళ్లు కావు, వదిలినప్పుడు వచ్చే నీళ్లు. కమిషనరు దగ్గర సంతకముంటుంది, ఇంజనీరు దగ్గర పటముంటుంది. ఏ వీధి బిందెలు ఏ వేళకు నిండాలో తేల్చే అధికారం మాత్రం వాల్వు వారిదే. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాల్లోనూ, మదనపల్లె పక్కనే కళాశాల హాస్టళ్లతో, టమోటా మండీతో పెరిగిన అంగళ్లులోనూ ఇంటి దినచర్య వారి తిరుగుడును బట్టే నడుస్తుంది. పెళ్లి ముహూర్తమైనా కాస్త అటూ ఇటూ జరుగుతుందేమో గాని, నీళ్లొచ్చే వేళకు ఇంట్లో ఒక మనిషి ఉండి తీరాలి. తెలంగాణలో నల్లా అనేదాన్ని ఈ సీమలో కొళాయి అంటారు. తమిళ సరిహద్దు దాటితే అది కుళాయ్. ఆ భాషలో దానికి గొట్టమనే అర్థం. ఆ అర్థమే సరైనది. నీళ్ల చెడుగు ఎక్కువగా పుట్టేది కొళాయి మూతిలో కాదు, వెనకనున్న గొట్టంలో.

గొట్టం కంటే ముందు నేల సంగతి. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తువల్ల వచ్చిన చల్లగాలి కోసమే ఒకప్పుడు ఆరోగ్యవరంలో క్షయరోగుల శానిటోరియం వెలిసింది. గాలికి పేరొచ్చిన ఊరికి నీటిలో మాత్రం ఆ అదృష్టం లేదు. బాహుదా వానొచ్చినప్పుడే ఏరు, కుప్పం పక్కన పాలారుదీ అదే కథ. అడుగున ఉన్నది గ్రానైటు, నైస్ రాయి. రాతిలో నీరు నిలిచేది పగుళ్లలోనే; ఆ పగులు దొరికితే బోరు పడినట్టు, దొరక్కపోతే డబ్బు రాతిలో పోసినట్టు. వెయ్యి అడుగులు దాటిన బోర్లు ఈ పక్క ఎవరికీ వింత కాదు. నీరు ఎంత లోతున, ఎంతకాలం రాతిని అంటిపెట్టుకుని ఉంటే అంత ఎక్కువగా రాతిలోని లవణాలను కరిగించుకుంటుంది. ఆ లవణాల్లో కాల్షియం, మెగ్నీషియం నీటిని గట్టిపరుస్తాయి: పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. ఇవి విసుగే గాని పెద్ద హాని కాదు. ఫ్లోరైడు అలా కాదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడు ఉండొచ్చు. వేరే నీరు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. అది దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్ల మీద గోధుమ చారలు, తర్వాత కీళ్ల పట్టు, వెన్ను వంపు. ఈ జబ్బు దేశంలో మొదట వెలుగులోకి వచ్చింది తెలుగు నేల మీదే, 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. లోకానికి పేరు తెలిసింది నల్లగొండ వల్ల. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును అడుగుకు దించే పద్ధతికి ‘నల్లగొండ పద్ధతి’ అని ఆ జిల్లా పేరే మిగిలింది. ఫ్లోరైడు విషయంలో ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటే: కాచి తాగడం. కాచితే నీరు ఆవిరవుతుంది, ఫ్లోరైడు గిన్నెలోనే ఉంటుంది.

బోరు నీటికి ఇప్పుడు కాలువ నీరు తోడైంది. హంద్రీ–నీవా పథకంలో శ్రీశైలం జలాశయం వెనకనీటిని మాల్యాల దగ్గర తోడి దక్షిణానికి మళ్లిస్తారు. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు, అంటే సుమారు 270 మీటర్లు. మదనపల్లె దాకా రావాలంటే కృష్ణ 400 మీటర్లకు పైగా కొండెక్కాలి. మెట్టు మెట్టుకూ మోటార్లు పెట్టి ఎక్కించారు. 2025 ఆగస్టులో కుప్పం దగ్గర పరమసముద్రం చెరువుకు ఆ నీరు చేరినప్పుడు హారతి పట్టారు. మదనపల్లెకైతే ఆ నీటిని నిలవచేసే చిప్పిలి వేసవి చెరువుంది. ఇంత దూరం వచ్చిన నీరు చివరి రెండు వందల గజాలు దాటడానికి మాత్రం వాల్వు వారి దయ కావాలి.

రెండు రకాల నీటికీ రోగాలు వేరు. బోరు నీరు చూడ్డానికి తేటగా ఉండి లవణాలు మోస్తుంది. కాలువ, చెరువు నీటిలో లవణం తక్కువ, బురద, సూక్ష్మజీవులు ఎక్కువ. పూర్వం బురద నీటికి చిల్లగింజ అరగదీసి కడవలో కలిపేవారు. మట్టి పేరుకుని అడుగుకు దిగేది. శుద్ధికేంద్రంలో పటిక చేసేదీ ఆ పనే. ఆ తర్వాత ఇసుక పడకల గుండా వడకట్టి క్లోరిన్ కలుపుతారు. తేటదనం కంటికి కనిపించేది, క్లోరిన్ చేసే పని కనిపించనిది, కాబట్టి జనం మొదటిదాన్ని నమ్మి రెండోదాన్ని మందు వాసనని తిట్టుకుంటారు. నిజానికి కొళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. దారిలో ఎక్కడైనా మురికి కలిస్తే ఎదుర్కొనే కావలి అదొక్కటే. పైపులో ప్రయాణించేకొద్దీ, మురికితో పోరాడేకొద్దీ అది తరిగిపోతుంది. అందుకే వీధి మొదట్లో ఉన్న ఇంటికీ, చిట్టచివర ఉన్న ఇంటికీ ఒకే నీరు వచ్చినా ఒకే రక్షణ రాదు.

ఇక అసలు సంగతి, గొట్టం. నీరు నిండుగా, ఒత్తిడితో ఉన్న గొట్టానికి పగులుంటే నీరు బయటికి కారుతుంది. లోపలికి ఏదీ రాదు. నష్టం డబ్బుకే. వాల్వు వారు మూతపడగానే ఆ లెక్క తిరగబడుతుంది. పల్లపు ఇళ్లవాళ్లు మిగిలిన నీటిని లాగేసుకుంటారు, గొట్టం ఖాళీ అవుతుంది, లోపల గాలి పలచబడుతుంది, అదే పగులు ఇప్పుడు చుట్టూ ఉన్న తడిని పీల్చడం మొదలుపెడుతుంది. చుట్టూ ఉన్న తడి ఏమిటన్నది వీధిని చూస్తే తెలుస్తుంది. పెద్ద గొట్టం రోడ్డు కింద ఉంటుంది. దాని నుంచి ఇంటికి తీసిన సన్నటి గొట్టం సైడు కాలవను దాటి రావాలి. చాలా ఇళ్లకు అది కాలవ మీదుగా కాక, కాలవలో మునిగి వస్తుంది. అతుకు దగ్గర పట్టు వదిలితే కాలవకూ కడవకూ మధ్య అడ్డేమీ ఉండదు.

దీనికి తోడు మోటారు. కొళాయి నుంచి నీరు సన్నగా వస్తోందని గొట్టానికే నేరుగా మోటారు బిగించడం మున్సిపాలిటీలు ఒప్పుకోని పని. ఎన్ని వీధుల్లో జరుగుతుందో ఎవరూ లెక్కపెట్టని పని. మోటారు పక్కింటి నీటిని లాగుతుందనేది దాని మీదున్న ఫిర్యాదు. అంతకంటే పెద్ద తప్పు మరొకటుంది: నీళ్లొస్తున్న వేళలో కూడా అది గొట్టంలో పీల్పు పుట్టిస్తుంది. అంటే వాల్వు మూతపడిన వేళ ఖాళీ గొట్టం చేసే చెడుగును, వాల్వు తెరిచిన వేళ మోటారు చేస్తుంది.

ఇదంతా ఊహ కాదు. 2009 మేలో హైదరాబాదు భోలక్‌పూర్‌లో, 2018 మార్చిలో పాత గుంటూరులో అతిసారం ఇళ్లకు ఇళ్లను ఆసుపత్రికి చేర్చి ప్రాణాలు తీసింది. రెండు చోట్లా వేళ్లు తాగునీటిలో కలిసిన మురుగువైపే చూపాయి. వాల్వు వారి వంశంలో ఒక పెద్దను కూడా ఇక్కడ తలుచుకోవాలి. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్‌లో కలరా చెలరేగినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు చావులు జరిగిన ఇళ్లను వెతికి, అవి చాలావరకు ఒక చేతిపంపు చుట్టూ మూగినట్టు చూపాడు. అధికారులు ఆ పంపు పిడిని తీసేశారు. అప్పటికే జబ్బు తగ్గుముఖం పట్టిందని స్నోనే ఒప్పుకున్నాడు గాని, నీటికీ రోగానికీ ఉన్న ముడి మాత్రం అక్కడే బయటపడింది.

సూక్ష్మజీవి కానిది కూడా నీటి మీదే నిందగా పడుతుంది. 2020 డిసెంబరు మొదట్లో ఏలూరులో వందల మంది మూర్ఛతో, స్పృహ తప్పి ఆసుపత్రి పాలయ్యారు. మొదటి అనుమానం కొళాయి మీదికే పోయింది. ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. ఆ తర్వాత పురుగుమందుల అవశేషాల మీదికి అనుమానం మళ్లింది. సీసం ఇంటి గొట్టాల నుంచి కూడా రాగలదు: పీవీసీ గొట్టాలు వేడికి చెదరకుండా కలిపే పదార్థాల్లో సీసం ఉండేది, దాన్ని తొలగించే నిబంధనలు దేశంలో 2021లో వచ్చాయి. రాత్రంతా గొట్టంలో నిలిచిన నీటిని పొద్దున్నే తాగడానికి పట్టకుండా చెట్లకు వదలడం ఇందుకే మంచిది.

నీరు ఇంట్లో అడుగుపెట్టాక వాల్వు వారి బాధ్యత తీరుతుంది, సంపు బాధ్యత మొదలవుతుంది. సరఫరా రోజంతా ఉంటే సంపు అక్కర్లేదు. లేదు కాబట్టి ప్రతి ఇంటి ముందూ నేలలో ఒక బావి తవ్వారు. ఆ బావికి గడియ లేని రేకు మూత. ఆడుకునే పిల్లలకు ఆ ఇంట్లో అంతకంటే ప్రమాదమైన చోటు లేదు. మూత గట్టిగా ఉండటం ఒక్కటే చాలదు, తాళం ఉండాలి. పెద్దలకు ప్రమాదం కడిగేటప్పుడు. చాలాకాలం మూసిన సంపులో, ముఖ్యంగా కొత్తగా కట్టిన సంపులో సెంట్రింగ్ చెక్కలు తీసే వేళ, ప్రాణవాయువు చాలినంత ఉండకపోవచ్చు. దిగినవాడు కూలిపోతాడు, తీయబోయిన రెండోవాడూ కూలిపోతాడు. ముందురోజే మూత తీసి గాలి ఆడనివ్వాలి, దిగే మనిషి నడుముకు తాడుండాలి, పైన ఒకరుండాలి. నీళ్లలో మోటారు ఉండగా స్విచ్చు వేసి సంపులో చెయ్యి పెట్టకూడదు. ఎర్తింగ్ సరిగ్గా ఉండి, 30 మిల్లీయాంపియర్లకే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ బిగిస్తే షాకు చావుదాకా పోకుండా ఆగే అవకాశం ఎక్కువ. బకెట్లో ముంచే హీటరు కడ్డీ కూడా ఈ కోవలోదే. గట్టి నీటివల్ల దాని మీద సున్నపు పెచ్చు కడుతుంది, వేడి ఎక్కడం ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యంలో ఎవరో ఒకరు నీళ్లు కాగాయా అని వేలు పెట్టి చూస్తారు.

సంపులోనూ మిద్దె మీది ట్యాంకులోనూ మూత సందుంటే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. అది మంచినీటి దోమ. శుద్ధికి వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పొడి సరిపోతుంది. వేశాక అరగంట ఆగాలి. మూత తీసి నెలలైన పొడిలో సత్తువ ఉండదు, రంగే ఉంటుంది. బాత్రూము కడిగే ఆసిడ్‌ను బ్లీచింగ్‌తో కలిపితే వచ్చే పచ్చని విషవాయువు ఊపిరితిత్తులను కాలుస్తుంది. ఈ రెంటినీ ఒకే అరలో పెట్టకపోవడం మేలు.

ఇవేవీ నమ్మనివారు క్యాను కొంటారు. అంగళ్లు అంటేనే దుకాణాలు. ఆ పేరున్న ఊళ్లో నీళ్లు కూడా సరుకు కావడం వింతేమీ కాదు. 2014లో ప్రభుత్వమే ఎన్టీఆర్ సుజల పేరుతో 20 లీటర్లు 2 రూపాయలకు అమ్మే పథకం మొదలుపెట్టింది. ఇలాంటి నీళ్లను శుద్ధిచేసే ఆర్వో యంత్రం ఫ్లోరైడును నిజంగా తీసేస్తుంది, కాబట్టి చెడ్డ బోరున్న చోట దాని అవసరముంది. కాలువ నీటికి దాని అవసరం చాలా తక్కువ. తీయడానికక్కడ లవణమే పెద్దగా లేదు, పారబోసే నీరు మాత్రం బోలెడు. యంత్రం అమ్మడానికి వచ్చేవారి గారడీ ఒకటుంది. రెండు గ్లాసుల్లో లోహపు కడ్డీలు ముంచి కరెంటు పెడతారు. కొళాయి నీరు తుప్పు రంగుకు తిరుగుతుంది, ఆర్వో నీరు తేటగా ఉంటుంది. ఆ తుప్పు కడ్డీలోని ఇనుముది. లవణమున్న నీటిలో కరెంటు పారుతుంది కాబట్టి కడ్డీ కరుగుతుంది, అంతే. వారి జేబులోని టీడీఎస్ పెన్ను కూడా లవణాన్ని కొలుస్తుంది గాని సూక్ష్మజీవిని చూడలేదు. పెన్ను నూరు చూపిన క్యాను నీటిలో, మూత సరిగ్గా కడగకపోతే, విరేచనాల క్రిములు హాయిగా ఉండొచ్చు.

నిజమైన పరీక్షలు రెండు చౌకగా దొరుకుతాయి. క్లోరిన్ చుక్కల మందు కొళాయి నీటిలో వేస్తే పసుపు రంగు రావాలి. రాకపోతే కావలి లేనట్టు. హైడ్రోజన్ సల్ఫైడ్ సీసాలో నీరు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే నల్లబడటం మురుగు గుర్తు. రెండింటికీ నీరు పట్టాల్సింది ట్యాంకు కొళాయి నుంచి కాదు, వీధి నుంచి నేరుగా వచ్చేచోట, వాల్వు వారు కళ్లు తెరిచిన తొలి నిమిషాల్లో. గొట్టం మరమ్మతు జరిగిన మర్నాడు, వాన పడి సైడు కాలవ పొంగిన మర్నాడు ఆ తొలి నీటిని వదిలేసి, తర్వాత వచ్చినదాన్ని ఒక నిమిషం తెర్లకాచి తాగాలి. లేదా 20 లీటర్లకు అరగ్రాము క్లోరిన్ మాత్ర ఒకటి వేసి అరగంట ఆగాలి.

ఇట్లు,
వీధిలోని చిట్టచివరి కొళాయి

జతపరచినది: మొదటి ఐదు నిమిషాల నీరు, సీసా ఒకటి. నలుపు.