నమ్మకం నిలవాలంటే ఎదుటే ఎంచండి

మనవాళ్లు ఇచ్చిన డబ్బు ఎంచి తీసుకుంటే వాళ్లను అవమానించినట్టేనని చాలామంది అనుకుంటారు. నా సలహా దానికి పూర్తిగా ఎదురు. మేనమామ ఇచ్చినా సరే, ఆయన కళ్లముందే నోట్లు ఎంచండి.

"ఏంరా, నామీద నమ్మకం లేదా?" అంటాడు.

"ఉంది మామా. తక్కువుంటే ఇప్పుడే తేలిపోతుంది కదా" అనండి.

ఆ నిమిషం ఇద్దరికీ ఇబ్బందే. కానీ ఐదొందలు తక్కువని ఇంటికొచ్చాక తేలితే, అడగనూ లేరు, మరిచిపోనూ లేరు. ఆ పెళ్లికీ ఈ పండక్కీ ఎదురుపడ్డప్పుడల్లా అదే గుర్తొస్తుంది. చుట్టరికాలు ఇలాగే పాడవుతాయి.

వాల్మీకిపురం నుంచి మదనపల్లె మార్కెట్‌కు టమాటా తోలే రైతులకు ఈ మాట మరీ గట్టిగా చెప్తాను. ఎన్ని బాక్సులు దించారో, బాక్సుకు ఎన్ని కిలోలో దించినప్పుడే రాయించుకోండి. వేలంలో పలికిన రేటు, కమీషన్, కూలి, బండి బాడుగ చీటీలో వేటికవి విడిగా ఉండాలి. జాక్‌పాట్ అంటూ డబ్బివ్వకుండా తీసే కాయలుంటే అవీ అందులోకి ఎక్కాలి. 2023 జులై ఆఖరులో ఇక్కడ కిలో రెండు వందల దరిదాపులకు పోయింది. ఆ రేటులో పాతిక కిలోల బాక్సు ఒక్కటి తేడా వచ్చినా దాదాపు ఐదు వేలు. సెప్టెంబరు నాటికి ధర కూలిపోయింది. ఇలాంటి సరుకు లెక్కను ఎవరి జ్ఞాపకానికీ వదలకూడదు.

"మండీలో అడ్వాన్సు తీసుకున్నాం, ఎట్లా అడిగేది?" అంటారు. తీసుకున్నారు కాబట్టే అడగండి. అనుమానం దిగమింగుకున్న రైతు మాట్లాడకుండా వచ్చే పంటను కోలారు మార్కెట్‌కు తోలేస్తాడు. అడిగి తేల్చుకున్నవాడు మళ్లీ ఆ మండీకే వస్తాడు. మండీ యజమానులు కూడా ఇది గమనించాలి.

ఉద్యోగంలోనూ అంతే. సాయంత్రానికి పని కాదని మధ్యాహ్నమే తెలిస్తే మధ్యాహ్నమే చెప్పండి. "చూస్తా సార్" అని నెట్టుకురాకండి. తిట్టు పడుతుంది, పడనివ్వండి.

ఇక చేబదులు. అన్నదమ్ములైనా ప్రోనోటు రాసుకోండి. అడగాల్సింది ఇచ్చేవాడు కాదు, తీసుకునేవాడే "నోటు రాస్తానన్నా" అని ముందుకు రావాలి. నోటుకు గడువు మూడేళ్లు. అది దాటకముందే ఎంతో కొంత కట్టి, నోటు వెనక ఆ మొత్తం, తేదీ రాసి సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. అప్పు తీసుకున్నవాడు పిలవకుండానే వచ్చి ఈ చెల్లు వేస్తే, ఇచ్చినవాడికి అంతకన్నా ధైర్యం ఇంకేముంటుంది? బాకీ తీరిన రోజే నోటు వెనక్కి తీసుకోండి. అది ఎక్కడ పెట్టారో ఇంట్లో ఆడవాళ్లకూ చెప్పి ఉంచండి.