గుట్ట మీద విందు

ఫలక్‌నుమా గుట్ట కింద పుట్టి పెరిగినవాళ్లు లోపల అడుగు పెట్టకపోయినా గుట్ట మీది ప్యాలెస్‌ను మాది అనే అనుకుంటారు. జంగంమెట్‌లో మా డాబా మీద నుంచి తలెత్తితే అదే కనిపించేది. పరీక్షలకు చదివినా, సంక్రాంతికి పతంగులు ఎగరేసినా దాని ఎదురుగానే. ఉద్యోగంలో కుదురుకుని, ఊరికి అవతలి కొసన ఫ్లాట్ కొనుక్కున్నాక, అమ్మను ఒకసారి అక్కడి హోటల్‌కు భోజనానికి తీసుకెళ్లాలని పట్టుబట్టాను. తీసుకెళ్లాను. ఆ రాత్రి నేను చేసిన తెలివితక్కువ పని నా భార్యకు తెలుసు, అమ్మకు తెలుసు. బయట ఎవరికీ చెప్పలేదు. దాచుకున్నకొద్దీ అది పెరుగుతోందే తప్ప తరగడం లేదు.

అక్కడ తినాలంటే ముందే టేబుల్ బుక్ చేసుకోవాలి. బిల్లు మా ఇంట్లో నెల సామాన్ల ఖర్చును దాటుతుందని తెలిసే చేశాను. క్రెడిట్ కార్డు మీద గీకి, తర్వాత వాయిదాలు కట్టాను. అందుకు నాకు విచారం లేదు. అమ్మ కోసం అంత పెట్టగలిగానన్న సంతోషం నిజమైనదే. అమ్మ పెళ్లిళ్లకు మాత్రమే తీసే గద్వాల చీర కట్టుకుంది. మా పాప పొద్దుటి నుంచి గంతులేస్తోంది. భోజనానికి ముందు ఇల్లంతా తిప్పి చూపించడానికి ఒక అబ్బాయి వచ్చాడు. మర్యాదస్తుడు, తన పని మీద ప్రేమ ఉన్నవాడు. పాలరాతి మెట్ల దగ్గర నిలబెట్టి కథ మొదలుపెట్టాడు.

దీన్ని కట్టించింది నిజాం కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు బావ, ‘పైగా’ అనే ప్రభువంశంవాడు, ఆ తర్వాత హైదరాబాద్‌కు దివాన్‌గా కూడా చేసిన వికార్ ఉల్ ఉమ్రా. 1884లో పునాదిరాయి వేస్తే అన్నీ అమరేసరికి దాదాపు తొమ్మిదేళ్లు పట్టింది. ఇటలీ నుంచి పాలరాయి తెప్పించారు. పై నుంచి చూస్తే తేలు ఆకారంలో ఉంటుందట. గొప్పగా కట్టాలన్న పట్టుదలలో ఆయన అప్పుల్లో కూరుకుపోయాడని, నిజాం అతిథిగా వచ్చి ఇల్లు నచ్చి అక్కడే ఉండిపోతే దాన్ని ఆయనకే సమర్పించుకున్నాడని, నిజాం దానికి వెల కట్టి ఇచ్చాడని చెబుతారు. 1911లో మహబూబ్ అలీఖాన్ చనిపోయింది కూడా ఇక్కడే. తర్వాత తర్వాత ఇది ప్రముఖులు దిగే అతిథిగృహమైంది. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ బస చేశాక చాలా ఏళ్లు మూతపడే ఉంది. తాజ్ వాళ్లు పదేళ్లు బాగుచేయించి 2010లో హోటల్‌గా తెరిచారు.

తాహతుకు మించిన దర్పం ఒక మనిషిని ఎక్కడికి తెచ్చిందో ఆ అబ్బాయి చెబుతూ ఉంటే నేను తలూపుతూ విన్నాను. అది నాకూ వర్తిస్తుందని ఆ క్షణాన తోచలేదు.

మెట్లెక్కుతూ అతను అమ్మ చెయ్యి పట్టుకుని, "మీది ఎక్కడమ్మా?" అని అడిగాడు.

"గీడనే బిడ్డా, గీ గుట్ట కిందనే..." అని అమ్మ మొదలుపెట్టింది.

"జూబ్లీహిల్స్," అన్నాను మధ్యలో దూరి.

మేముండేది జూబ్లీహిల్స్ కూడా కాదు. నోటికి ఆ మాటే వచ్చింది. ఎందుకు వచ్చిందో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. కాలేజీలో చేరినప్పుడు పాతబస్తీ అని చెబితే ఎదుటివాళ్ల మొహాల్లో వచ్చిన మార్పు చూశాను. అప్పటి నుంచి ఆ పేరు మింగేయడం అలవాటు చేసుకున్నాను. ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో, అద్దె ఇళ్ల వేటలో ఆ అలవాటు గట్టిపడింది. ఈ ప్యాలెస్‌లో మాత్రం ఎవరూ నన్ను తక్కువగా చూడలేదు. ఆ అబ్బాయి ఆప్యాయంగా అడిగాడు. నన్ను నేనే తక్కువ చేసుకున్నాను, అమ్మనూ కలిపి.

అమ్మ నా వైపు చూసి ఊరుకుంది.

పెద్ద భోజనశాలలోకి వెళ్లాం. అక్కడ 101 మంది ఒకేసారి కూర్చునే బల్ల ఉంది. పొడవు 108 అడుగులు. చెక్కడం పనిచేసిన కుర్చీలు రెండు వైపులా బారులు తీరి ఉంటాయి. అమ్మ, పాప ఆ అబ్బాయి వెంట నడుచుకుంటూ అవతలి కొసకు వెళ్లారు. నేనూ నా భార్యా ఇవతలే నిలబడ్డాం. అమ్మ మళ్లీ ఎక్కడ బస్తీ ముచ్చట ఎత్తుతుందోనని నాకు గుబులు. భార్య చెవి దగ్గరికి వంగి, "అమ్మకు చెప్పు, జంగంమెట్ సంగతులు ఇక్కడొద్దని. పరువు పోతుంది," అన్నాను. గొంతు పెగలనంత మెల్లగా అన్నాను.

అప్పుడు ఆ అబ్బాయి గొంతు ఎక్కడో పక్కనే ఉన్నట్టు వినిపించింది. ఈ గది నిర్మాణమే అలాంటిదట. ఒక కొసన గుసగుసలాడినా రెండో కొసన స్పష్టంగా వినిపిస్తుందట. అది మాకు చెబుతున్నప్పుడు అతను తల వంచుకున్నాడు. అమ్మ కుర్చీ వీపు మీద చెయ్యి వేసి, ఆ చెక్కిన పువ్వుల్ని వేలితో తడుముతోంది. తలెత్తలేదు. నా భార్య నా మోచెయ్యి వదిలేసి అటు నడిచింది.

అక్కడితోనైనా బుద్ధి రావాలి. రాలేదు.

మా టేబుల్ కిటికీ పక్కన. కింద ఊరంతా దీపాలు, దూరంగా చార్మినార్. ఆ దీపాల్లో మా బస్తీవీ ఉన్నాయి. పాప "మన పాత ఇల్లు ఏది నాన్నా?" అంటే, "తర్వాత చెప్తా, తిను," అన్నాను. మొదట మరగ్ వచ్చింది. లేత మాంసం ఎముకలతో మరిగించిన పల్చటి షోర్వా. అమ్మ గిన్నె దగ్గరికి మొహం వంచి, కళ్లు మూసుకుని వాసన పీల్చింది. "పాన్ కీ జడ్ వేసిండ్రు. రాతిపువ్వు గూడ. వట్టివేరు జరంత ఎక్కువైంది," అంది. పొట్లీ మసాలా సంగతి ఆమెకు కొట్టినపిండి. ఈ మూలికలన్నీ గుడ్డలో మూటకట్టి మరిగే షోర్వాలో వేలాడదీసి, రసం దిగాక మూట తీసేస్తారు. మా చిన్నప్పుడు మీర్ ఆలం మండీ నుంచి అవి తెచ్చి, పక్కింటి ఖాలాతో కలిసి మూటలు కట్టేది. వంట చేసినాయనతో ఒక మాట మాట్లాడొచ్చా అని వడ్డించే అబ్బాయిని అడగబోయింది. నేను బల్ల కింద ఆమె చెయ్యి నొక్కాను.

ఒక తల్లి ఆ గిన్నెలో ఏమేం పడ్డాయో ముక్కుతోనే చెప్పేసిందని తెలిస్తే ఆ వంటాయన ఎంత మురిసిపోయేవాడో! ఆ ముచ్చట సాగి ఉంటే అమ్మకు ఆ రాత్రి జన్మంతా గుర్తుండేది. నేనే అడ్డుపడ్డాను.

తర్వాత కచ్చీ గోష్త్ బిర్యానీ. పచ్చి మాంసాన్ని పెరుగులో, మసాలాల్లో నానబెట్టి అడుగున పరిచి, సగం ఉడికిన బియ్యం పైన పోసి, అంచును పిండితో మూసి దమ్ పెట్టేది. అమ్మ అలవాటు కొద్దీ చెయ్యి పెట్టబోతే నేను చెంచా, ఫోర్కు ఆమె వైపు జరిపాను. ఏమీ అనలేదు, తీసుకుంది. ఎముకను పట్టి ఉన్న కండను చెంచాతో విడదీయడానికి చూసింది. ముక్క పళ్లెం అంచుకు జారింది. మరోసారి ప్రయత్నించింది. తర్వాత ముక్కలన్నీ పక్కకు నెట్టి ఉత్త అన్నం తింది. ఆమెకు నల్లి అంటే ప్రాణం. ఇంట్లో అందరూ తమ పళ్లెంలో నల్లి ఆమెకు తీసిపెడతారు. చుట్టూ టేబుళ్ల దగ్గర ఎవరెలా తింటున్నారో అప్పుడు చూశాను. మాకు రెండు టేబుళ్ల అవతల ఒక పెద్దాయన చొక్కా చేతులు మడిచి, ఐదు వేళ్లతో హాయిగా తింటున్నాడు. నన్ను ఎవరూ చూడడం లేదు. ఎవరికీ నా ధ్యాసే లేదు.

ఖుబానీ కా మీఠా వచ్చేసరికి అమ్మ చాలంది.

ఇంటికొచ్చాక ఆ సంగతి ఎత్తలేదు ఆమె. నాకే నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున కూరగాయలు తరుగుతుంటే పక్కన కూర్చుని, ఆ అబ్బాయికి ఏం చెప్పబోయావమ్మా అని అడిగాను.

కొంతసేపు కత్తిపీట మీద నుంచి చూపు తిప్పలేదు. తర్వాత చెప్పింది. ఆమె చిన్నతనంలో ప్యాలెస్ మూసే ఉండేది, గేటు దగ్గర కావలివాళ్లు మాత్రం ఉండేవాళ్లు. మా తాతకు రెండు బర్రెలు. ఆ కావలివాళ్లకు పాలు పోసేవాడు. పొద్దున్నే పాల చెంబు పట్టుకుని గుట్ట ఎక్కేది ఎనిమిది తొమ్మిదేళ్ల అమ్మ. గేటు సందులోంచి చెంబు అందుకుని, ఖాళీ చేసి ఇచ్చి, పో అనేవాళ్లు. ఒక్కసారి లోపలికి పోనిమ్మని ఎన్నోసార్లు అడిగిందట. పోనివ్వలేదు.

"గా పోరనికి గదే చెప్దామనుకున్న. గప్పుడు రానియ్యలే, ఇయ్యాల నా కొడుకు తోలుకొచ్చిండు అని."

ఇది నాకు ఎన్నడూ చెప్పలేదేమని అడిగితే, "నువ్వు ఎన్నడు అడిగినవ్?" అంది. కోపంగా అనలేదు. నిజంగానే నేను అడగలేదు. తాతకు బర్రెలున్నాయని తెలుసు. పాలు ఎవరికి పోసేవాడో, ఎవరు మోసేవాళ్లో ఆరా తీయలేదు. దాన్ని దాటిపోవాల్సిన బస్తీగా చూసినవాణ్ని, అందులో మనుషుల కథలు నాకెందుకు పడతాయి?

మళ్లీ వెళ్దాం, ఈసారి నువ్వే మాట్లాడు, చేత్తోనే తిను, వంటాయనను నేనే పిలిపిస్తాను అన్నాను. అమ్మ తరిగిన బెండకాయ ముక్కల్ని గిన్నెలోకి తోసి లేచింది.

"ఇగ ఎందుకురా, చూసినం గదా. పైసలు దండుగ. పాపను దీస్కొని ఓసారి జంగంమెట్ పోదాం. ఖాలాను జూడక శాన దినాలయె."

వచ్చే ఆదివారం వెళ్తున్నాం.